వంటయింటికి కొలత యెవరిది?



గడచిన మాసమున నొక సోదరి మాకు జాబు వ్రాసి, "మా వంటయింటికి క్రొత్తగా పెట్టెలు, అఱలు అమర్పించుకొన దలచితిమి. తెల్లరంగు మేలా, ఆకుపచ్చ మేలా?" అని యడిగినది. ఆ జాబు చదువగానే మాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వు ఆమెను గూర్చి కాదు, మమ్ము గూర్చియే. రెండేండ్ల క్రిందట మేమును ఈ ప్రశ్నతోనే బయలుదేరితిమి. రంగు నిర్ణయమగులోపలనే యిరువదివేల రూపాయలు పోగొట్టుకొంటిమి. అందుచే రంగుమాట కడపట చెప్పెదము. మొదట మా కథ వినుడు. ఇందు మా తెలివి కొంత, తెలివితక్కువ కొంత కలదు. రెండవదియే మీకెక్కువగా నుపయోగపడవచ్చును.

ఈ దినములలో దీనిని మాడ్యులర్ కిచెన్ అనుచున్నారు. నగరములందే కాదు, చిన్న పట్టణములందును దుకాణముల పలకలపై నీ పేరు కనబడుచున్నది. పేరు గంభీరమైనను విషయము సులభము. గోడలో గూడు విడిచి దానికి తలుపు బిగించు పాతపద్ధతికి మాఱుగా, పెట్టెలను వేఱొకచోట కొలతప్రకారము చేసి, తెచ్చి, ప్రక్కప్రక్కన నిలిపి, పైన బండ పఱచుటయే యిది. పెట్టెలు చక్కగా నమరినచో చెమ్మ, చెదలు, బొద్దింకల బాధ తగ్గును. చేతికి వస్తువు సులభముగా నందును. అమరనిచో అందమైన పెట్టెల నడుమ పాతకష్టములే మిగులును.

మా వారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. మా కాపురము ఒంగోలులో. మా వంటయిల్లు పదియడుగుల పొడవు, ఎనిమిదియడుగుల వెడల్పు గలది. ఆగ్నేయమూలనే యున్నది గనుక వాస్తువిషయమున నెవరికిని పేచీ లేదు. పేచీ యంతయు లోపలి సామానుతోనే. గట్టు క్రింది కఱ్ఱతలుపులను చెదలు తినివేసినవి. తొట్టి క్రింద నెప్పుడును చెమ్మయే. పప్పుల డబ్బాలొక గోడకు, పొయ్యి యొక గోడకు నుండుటచే పూటపూటకు తిరుగుడే. సాయంకాలమగుసరికి నడుము పట్టివేయుచుండెను. ఆ సంవత్సరము మా వారికి రావలసిన జీతపు బకాయిలు ఒక్కసారిగా చేతికి వచ్చినవి. పెద్దమ్మాయి కళాశాల రుసుమునకై కొంత తీసి ప్రక్కన బెట్టి, మిగిలిన రెండున్నర లక్షలను వంటయింటికి కేటాయించితిమి. ఉపాధ్యాయుని యింట నంతటి మొత్తము మరల నెన్నడు చేతికి వచ్చునో యెవరికెఱుక? ఒక్కసారి తప్పిన, దిద్దుకొనుట కుండదు. ఈ భయముతోనే దుకాణమునకు పోయితిమి. అయినను తప్పు చేయకుండ లేకపోతిమి.

దుకాణములో మమ్ము చల్లని గదిలో గూర్చుండబెట్టిరి. ఒక యువకుడు కంప్యూటరు తెరపై మా వంటయింటి చిత్రమును గీసి చూపెను. గాజుతలుపులు, లోపల దీపములు, గట్టుపై పూలకుండి, ప్రక్కన పండ్లపళ్ళెము. ఆ చిత్రము చూచి మాకు కన్నుచెదరినది. అతడు మాటలన్నియు మా వారితోనే యాడుచుండెను. "సార్, ఎత్తు ముప్పదియాఱు అంగుళములు, అదియే అందఱికిని పెట్టుదుము" అనెను. మా వారు తలయూపిరి. మేమును ఊపితిమి. ఏబదివేలు బయానా యిచ్చి, నాలుగు పుటల కాగితముపై సంతకము పెట్టి యింటికి వచ్చితిమి.

ఆ చిత్రమును మా యత్తగారికి చూపితిమి. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. కత్తిపీట ముందు కూర్చుండుటకు మోకాళ్ళొప్పుకొనక నాలుగేండ్లయినది. అయినను వంటయింటి కిటికీ క్రింద నొక పొట్టికుర్చీ వేసికొని, ఒడిలో పళ్ళెము పెట్టుకొని, కూరలు తఱుగుట, చింతపండు గింజ తీయుట, చిక్కుళ్ళు ఒలుచుట యామె పనులు. ఆ పనులు చేయుచు ఇంటివారి మంచిచెడ్డలన్నియు నక్కడనే విచారించును. ఆమె చిత్రమును చాలసేపు చూచి, "అమ్మాయీ! బొమ్మ బాగున్నది. ఇందులో ఆవకాయజాడీలేవి? నా కుర్చీ ఎక్కడ వేయుదువు?" అనినది.

మాకు సమాధానము తోచలేదు. కిటికీక్రింది స్థలమంతయు ఆ చిత్రములో పెట్టెలతో నిండియుండెను. మరల చూచినకొలది లోపములు కనబడసాగినవి. బియ్యపుబస్తాకు చోటు లేదు. పిండి రుబ్బు గ్రైండరునకు చోటు లేదు. గ్యాసుబండకు తలుపున్నది గాని గాలిసందు లేదు. ఆ వంటయింట వండువారున్నట్లే లేదు.

మఱునాడు మరల దుకాణమునకు పోయి మార్పులు కోరితిమి. మార్చిన ధర మా మొత్తమును మీఱినది. వద్దని చెప్పితిమి. బయానాలో ముప్పదివేలు తిరిగి యిచ్చి, తక్కిన యిరువదివేలు చిత్రమునకును, కొలతలకును అయిన ఖర్చనిరి. అట్లని కాగితము మూడవ పుటలో చిన్నయక్షరములతో వ్రాసియేయున్నది. పురాణములు చదువుకొన్నామని లోలోపల గర్వపడు మేము ఆ నాలుగు పుటలు చదువకయే సంతకము పెట్టితిమి. దీనికెవరిని నిందింతుము? ఆ రాత్రి మా వారు మమ్ము నొక్కమాటయు ననలేదు. అనకుండుటచేతనే మాకు నిద్రపట్టలేదు.

తరువాత మూడు నెలలు ఎవరికిని ఒక్క రూపాయి యీయలేదు. చదివితిమి, కొలిచితిమి, అడిగితిమి. ఆ చదువులో తెలిసిన సంగతి యొకటి మీకు చెప్పవలెను. నేటి యీ పద్ధతికి మూలముగా పలువురు చెప్పునది 1926వ సంవత్సరమున జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున గట్టిన గృహములకై కల్పింపబడిన వంటయిల్లు. దానిని కల్పించినది మార్గరెటె షుట్టె-లిహొట్స్కీ యను స్త్రీ. ఈమె ఆస్ట్రియా దేశస్థురాలైన గృహశిల్పి. 1897లో పుట్టి 2000లో మరణించినది. రైలుబండిలోని భోజనశాలకు చేర్చిన యిరుకు వంటగదిలో అంతమందికి వంట యెట్లు సాగుచున్నదో చూచి, ఆ మాదిరిని గ్రహించినది. ఆ వంటయిల్లు సుమారు 3.4 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు మాత్రమే. అనగా మన యడుగులలో పదునొకండు పొడవు, ఆఱునకు కొంచెము మిక్కిలి వెడల్పు. అట్టివి పదివేలవఱకు కట్టిరి.

ఆమె చదివిన పుస్తకములలో అమెరికాదేశపు క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను గృహిణి వ్రాసినదొకటి. ఈ గృహిణి 1912లో "లేడీస్ హోమ్ జర్నల్" అను స్త్రీలపత్రికయందు, వంటయింట వ్యర్థమగు అడుగులను లెక్కింపుడని వ్యాసములు వ్రాసినది. మన యీ పత్రికవంటి దానియందే యీ యాలోచన ప్రచారమునకు వచ్చినదని తెలిసినపుడు మాకెంతో సంతోషము కలిగినది. పొదుపు చేయవలసినది అడుగులను, స్త్రీ నడుమును. గాజుతలుపులు, దీపములు తరువాతివారు చేర్చిన సొగసులు.

అయితే ఆ ఫ్రాంక్‌ఫర్ట్ వంటయింటను కొఱతలు లేకపోలేదు. అందులో నొక్కరే నిలువగలరు. పిల్లలు కంటికెదుట నుండుటకు గాని, అక్కడనే కూర్చుండి భుజించుటకు గాని వీలు లేదని అందు కాపురమున్న స్త్రీలు ఫిర్యాదు చేసిరట. దానిని కల్పించునాటికి తనకు వంట చేసిన యనుభవము లేదని ఆ శిల్పియే వృద్ధాప్యమున చెప్పుకొన్నది. మా యత్తగారి కుర్చీ ప్రశ్న జర్మనీలోను పుట్టినదన్నమాట!

ఇక మా ప్రయత్నము వినుడు. ఒక యాదివారము ఉదయము మా చిన్నమ్మాయిని ఒక గిన్నెతోను, దోసెడు చింతపిక్కలతోను గుమ్మముదగ్గఱ కూర్చుండబెట్టితిమి. మేము ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు నడచినపుడెల్ల ఒక పిక్క గిన్నెలో వేయుమంటిమి. కాఫీ మొదలు మధ్యాహ్నభోజనము వఱకు గిన్నెలో 212 పిక్కలు పడినవి. మా వారు లెక్కను రెండుసార్లు సరిచూచిరి. పదియడుగుల గదిలో 212 ప్రయాణములు! సగమునకు పైగా పొయ్యికిని, వెనుకగోడ డబ్బాలకును నడుమనే జరిగినవి. తొట్టి, పొయ్యి, సామానుబీరువా, యీ మూడును ఒకటొకటికి రెండుమూడడుగులలో నుండవలెనని అప్పుడు తెలిసినది. ఉప్పు, పసుపు, పోపులపెట్టె, నూనె, గరిటెలు పొయ్యికి ఎడమచేతిప్రక్క; పప్పులు, బియ్యము తొట్టికిని పొయ్యికిని నడుమ. ఇంతమాత్రమునకు పైకము వ్యయము చేయనక్కఱలేదు. పాతవంటయింటను ఈ మార్పు రేపే చేసికొనవచ్చును. మీరును పిక్కలు లెక్కించి చూడుడు.

తరువాతిది ఎత్తు. మన పురాణములలో పాకమునకు పేరు పొందినవారు నలుడును, భీముడును. బాహుకుడను పేర నలుడు, వలలుడను పేర భీముడు పరుల కొలువులో గరిటె పట్టిరి. వారి వంట రుచి నేటికిని సామెతయై నిలిచినది. వారు నిలిచి వండిన పొయ్యి యెత్తెంతయో మేము చదివినంతలో నెక్కడను కనబడలేదు. ఎంతయైనను, భీమునికి సరిపడిన గట్టు ద్రౌపదికి సరిపడదు గదా! ముప్పదియాఱంగుళములు పొడవైన దేశస్థులకు సరిపోవు ఎత్తు. మేము సరిగా ఐదడుగులు. ఆ యెత్తున కూర తఱిగినచో భుజములు పైకెత్తి తఱుగవలెను. మిక్కిలి పల్లమైనచో నడుము వంచవలెను.

దీనికొక సులభసూత్రము కలదు. పాదరక్షలు లేకుండ నిలిచి, మోచేతిని మడచి, నేలనుండి మోచేతివఱకు కొలువుడు. అందులోనుండి నాలుగైదంగుళములు తీసివేయుడు. మిగిలినది కూర తఱుగుటకు తగిన యెత్తు. మాకు మోచేయి ముప్పదియెనిమిది; గట్టు ముప్పదిమూడు వచ్చినది. మాటమీద నమ్మక, భోజనపు బల్లపై మా వారి పాఠ్యపుస్తకములు దొంతర పేర్చి, వానిపై పీట పెట్టి, మూడుదినములు మూడెత్తులలో కూరలు తఱిగితిమి. భూగోళశాస్త్రము తీసివేసిన దినమున భుజములకు హాయి కలిగినది. అది ముప్పదిమూడంగుళములే.

ఇంకొక రహస్యము. తఱుగుటకు సరియైన యెత్తు పొయ్యికిని, తొట్టికిని సరికాదు. గట్టుమీద పొయ్యి పెట్టిన అదియే నాలుగైదంగుళములు పైకి లేచును. దానిపై గుండిగ పెట్టి కలుపవలెనన్న చేయి భుజముదాక లేవవలసి వచ్చును. తొట్టి సంగతి దీనికి వ్యతిరేకము. గిన్నెలు తోముట తొట్టి యడుగున గదా! అడుగు ఎనిమిదంగుళములు లోతున నుండును. అందుచే పొయ్యిక్రింది గట్టును ముప్పదియంగుళములకు తగ్గించి, తొట్టిని ముప్పదియైదునకు పెంచితిమి. బండను మూడు ముక్కలుగా కోయవలసినందున కొంత కూలి యెక్కువైనది. గత రెండేండ్లుగా రాత్రి నడుమునకు తైలము రాచుకొను పని తగ్గినది. ఇంట నిద్దఱు వండువారున్నచో, ఎక్కువసేపు నిలుచువారి కొలతనే ప్రధానముగా గ్రహింపుడు.

ఇక పలకల విషయము. పెట్టెలు దేనితో చేసినారని అడుగక తప్పదు. చెక్కపొట్టును జిగురుతో నదిమి చేసినది పార్టికిల్ బోర్డు. ఇంకను మెత్తని నారపొడితో చేసినది ఎం.డి.ఎఫ్. పలుచని చెక్కపొరలను అడ్డముగను నిలువుగను మార్చి మార్చి యంటించినది ప్లైవుడ్. వానిలో నీటికి మిక్కిలి నిలుచునది మెరైన్ ప్లైవుడ్. దానిపై ఐ.ఎస్.ఐ. ముద్రతోపాటు ఐ.ఎస్. 710 అను సంఖ్య యుండును. డెబ్బదిరెండు గంటలు మఱుగునీటిలో ఉడికించినను పొరలు విడరాదని దాని నియమము. పైన అంటించు నిగనిగలాడు రేకు అన్నింటికిని ఒక్కటే. లోపలి పలకయే ముఖ్యము.

మేము నాలుగు దుకాణములనుండి అఱచేతియంత ముక్కలు అడిగి తెచ్చితిమి. పాతబడి మూలబడిన ఇడ్లీపాత్రలో నీరుపోసి, పెరటిలో పొయ్యిపై వానిని ఉదయమునుండి సాయంకాలమువఱకు ఉడికించితిమి. ఆ జిగురులలో ఫార్మాల్డిహైడ్ అను హానికరద్రవ్య ముండును గనుక, ఆరుబయటనే చేయవలెను. ఆ పాత్రను మరల వంటకు వాడరాదు. సాయంకాలమునకు పార్టికిల్ బోర్డు ముక్క పులిసిన పిండివలె పొంగి వ్రేళ్ళనడుమ విడిపోయినది. మెరైన్ ముక్క రంగు మాఱినదే గాని పొర విడలేదు. ఒక దుకాణమువారు మెరైన్ అని చెప్పి యిచ్చిన ముక్క కూడ పొరలు విప్పినది! ఆ దుకాణమునకు మరల పోలేదు. అట్లని పార్టికిల్ బోర్డు పనికిరానిదనుట కాదు. నీటిచుక్క పడని పైబీరువాలకు దానిని వాడి వెల తగ్గించుకొనవచ్చును. తొట్టిక్రిందను, నేలకు దగ్గఱగాను మాత్రము వలదు. పెట్టెలను నేలపై నానించక నాలుగైదంగుళముల కాళ్ళపై నిలుపుడు. క్రింద తుడుచుటకును వీలు, చెమ్మయు నంటదు.

ఉక్కు తీగెల బుట్టలు, తొట్టి కొనునపుడు 304 అను రకము నడుగుడు. అందు నూటికి సుమారు పదునెనిమిదివంతులు క్రోమియము, ఎనిమిదివంతులు నికెలు ఉండును. ఉప్పునకు, చింతపండునకు సులభముగా త్రుప్పు పట్టదు. 202 అను రకము చౌక. చెమ్మ తగులుచోట దానికి మచ్చలు త్వరగా వచ్చును. అయస్కాంతము అంటుకొననిది మంచిదని దుకాణమువారు చూపుదురు. అది పరీక్ష కాదు. ఆ రెండు రకములకును అయస్కాంతము అంటదు. రసీదుపై 304 అని వ్రాయించుకొనుటయే మార్గము.

బండ విషయమున మా యూరివారికి చింత లేదు. ఒంగోలునకు దగ్గఱగానున్న చీమకుర్తి నల్లబండ, లోపల బంగారు చుక్కలతో, బ్లాక్ గెలాక్సీ అను పేర దేశదేశములకు పోవుచున్నది. గ్రానైటునకు చింతపులుసు, నిమ్మరసము తగిలినను మచ్చ పడదు. పాలరాయి, కడపబండ, తాండూరుబండ సున్నపురాతి జాతివి. పులుపు తగిలిన చోట మెఱుగు పోవును. తెల్లని కృత్రిమబండలు చూచుటకు ముచ్చటగా నుండును గాని, వానిలో జిగురు కలియుటచే మండుచున్న మూకుడు దించిన పాడగును. మీకే బండ నచ్చినను ఒక తునకను ఇంటికి తెచ్చి, పసుపు, నూనె, చింతపులుసు రాచి రాత్రియంతయు ఉంచి, ఉదయమున కడిగి చూడుడు.

సామానుల చోట్లను కాగితముపై గాక, సామానును కొలిచి నిర్ణయింపుడు. మా పెద్ద ఆవకాయజాడీ యెత్తు పదునెనిమిదంగుళములు, మాగాయజాడీ పదునాలుగు. లాగుడుసొరుగులో జాడీ పెట్టిన కుదుపునకు పగులు భయము. అందుచే కిటికీకి దూరముగా, ఎండ సోకని మూలలో, ఇరువదియంగుళముల యెత్తున కడపబండతో తలుపులేని అఱ యొకటి కట్టించి, జాడీలక్రింద పళ్ళెములు పెట్టితిమి. గట్టుక్రింద తలుపుల అఱలకంటె సొరుగులు మేలు. అఱలో వెనుకనున్న డబ్బాకై నేలపై చతికిలబడవలెను. సొరుగు లాగిన వెనుకవస్తువు ముందునకు వచ్చును. అయితే సొరుగు క్రింది పట్టాలు ఎన్ని కిలోలు మోయునో అడుగుడు. ముప్పది మోయునవియు, ఏబది మోయునవియు వేఱువేఱు. ఇరువదియైదు కిలోల బియ్యము పోయుదుమన్న ఏబదివే కొనవలెను. గ్రైండరును పూటపూటకు ఎత్తిదింపుట నడుమునకు చేటు. దానికి మోకాలికి కొంచెము పైగా స్థిరమైన పీటను, ప్రక్కనే విద్యుత్తు ప్లగ్గును ఏర్పఱచుడు. ప్లగ్గుల చోట్లన్నియు పెట్టెలు రాకముందే నిర్ణయించుకొనవలెను. తరువాతనైన గోడ పగులగొట్టవలసి వచ్చును.

గ్యాసుబండను గూర్చి అశ్రద్ధ పనికిరాదు. ఆ వాయువు గాలికంటె బరువైనది. కాఱినచో నేలబారున నిలుచును. బండను మూసినపెట్టెలో పెట్టుదురేని తలుపు క్రిందిభాగమున రంధ్రములుండవలెను. బండ నిలువుగా నుండవలెను. పొయ్యి దానికంటె ఎత్తున నుండవలెను. పొగ పీల్చు చిమ్నీ కొనదలచినచో, గొట్టము గోడబయటికి పోవునట్టిది మేలు. మలుపులు తక్కువైనకొలది పొగ చక్కగా పోవును.

చివరకు ఒక వడ్రంగిమేస్త్రిని కుదుర్చుకొంటిమి. ఇతడు మొదటిదినమున టేపు తీసి, "అమ్మగారూ, మీరు వచ్చి నిలువబడండి" అనెను. ఆ మాటకే మాకు నమ్మకము కలిగినది. పలకరకము, దళసరి, పట్టాల బరువు, ఉక్కురకము, ముగించు తేదీ అన్నియు రెండు ప్రతులు వ్రాసి, ఈసారి ప్రతియక్షరమును చదివి సంతకము చేసితిమి. సొమ్ము నాలుగు విడతలుగా నిచ్చితిమి. పదియవవంతు నిలిపియుంచి, నెలదినములు వాడి చూచిన తరువాత నిచ్చితిమి. ఆ నెలలో రెండు తలుపులు వ్రాలినవి. అతడే వచ్చి సరిచేసెను. మొత్తము 2,26,000 రూపాయలైనది. పోగొట్టుకొన్న యిరువదివేలు కలిపినను మా గీటు దాటలేదు.

కిటికీక్రింద పెట్టె పెట్టలేదు. ఆ చోట ఇరువదియాఱంగుళముల యెత్తున, గోడకు మడిచి వేయునట్టి బల్లపలక యొకటి బిగించితిమి. అత్తగారి కుర్చీ దానిముందే. ఇప్పుడామె ఒడిలో పళ్ళెము పెట్టుకొననక్కఱలేదు. పలకపై మోచేతులాన్చి, కిటికీనుండి వచ్చు వెలుతురులో వంకాయలు తఱుగును. చిన్నమ్మాయి ఎదుట కూర్చుండి లెక్కలు చేసికొనును. దీనికైన ఖర్చు మూడువేలు. ఇంటిలో నందఱును ఎక్కువగా మెచ్చుకొన్నది యిదియే.

లోపములును చెప్పవలెను. మూలపెట్టెలో చేయి పెట్టిన చీకటియే. ఏమి వేసితిమో మఱచిపోవుచున్నాము. పైబీరువా పై అఱ మా కందదు. అప్పడాలడబ్బా అక్కడ నుండుటచే మా వారు ప్రతిదినము వంటయింటికి రావలసివచ్చుచున్నది. వచ్చినవారు ఊరక పోక కాఫీపొడి, చక్కెర ఎక్కడనున్నవో తెలిసికొని, ఇప్పుడు తెల్లవారుజామున కాఫీ తామే కలుపుచున్నారు. ఈ లోపమును సరిచేయించు ఉద్దేశము మాకు లేదు.

గత వేసవిలో మరల నొక యాదివారము చింతపిక్కలు తీసితిమి. ఈసారి లెక్కించుట తన పనియని అత్తగారు పట్టుబట్టినది. అదే వంట, అదే వేళ. గిన్నెలో 118 పిక్కలు పడినవి. ఆమె వానిని దోసిట పోసికొని, "అమ్మాయీ! మిగిలిన పిక్కలన్ని నడకలు నేను నలువదేండ్లు నడిచితిని గదా!" అనినది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అయినను మా కన్నులు చెమ్మగిల్లినవి. ఆమె మోకాళ్ళెట్లు అరిగినవో ఎవరును లెక్కింపలేదు. రెండువందల రూపాయలతో ఉప్పుడబ్బా చోటు మార్చియుండిన ఎంత తగ్గియుండెడిదో!

కావున సోదరీ, నీ జాబునకు మా ప్రత్యుత్తరమిది. దుకాణమునకు పోకముందు మోచేతిని కొలువుము. జాడీలను కొలువుము. పిక్కలు లెక్కింపుము. ఇంటిలో పెద్దవారు ఎక్కడ కూర్చుందురో అడుగుము. బయానా ఇచ్చుటకు ముందు కాగితము కడవఱకు చదువుము. ఇక రంగు. ఫ్రాంక్‌ఫర్ట్ వంటయింటికి, ఈగలు వాలవను నమ్మకముతో, నీలము కలిసిన ఆకుపచ్చ వేసిరట. మా యింట పొయ్యిచుట్టు పసుపుమరక కనబడి వెంటనే తుడువవలెనని లేతరంగు వేయించితిమి. నీకు ఆకుపచ్చ ఇష్టమైన ఆకుపచ్చయే వేయించుకొనుము. ఆ గదిలో దినమునకు ఎన్నో గంటలు నిలుచుదానవు నీవు; ఆ ముచ్చట నీదే.

వచ్చు మాసమున పాత వంటసామానులో దేనిని దాచుకొనవలెనో, దేనిని వదలుకొనవలెనో ముచ్చటింతము.